తీగల పైన

కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల ఫోను మోగింది.

"అమ్మాయ్, నేను, కిందటి నెల రిటైరైన లైన్‌మన్‌ని. మా వీధిలో కరెంటు పోయింది."

"మనవాళ్లు చూస్తున్నారు బాబాయ్. వచ్చేస్తుంది."

"రానివ్వద్దని చెప్పడానికే చేశాను. ముప్పై ఏళ్లు స్తంభాలెక్కి తీగల దాకానే చూశాను. వాటి పైన ఇన్ని చుక్కలున్నాయని ఇవాళే తెలిసింది. ఎందుకు పుట్టానో ఇప్పుడిప్పుడే అంతుబడుతోంది. ఇంకో గంట ఆపించు."

"ఆపడానికి నేనెవర్ని? మీ అల్లుడుగారు స్తంభమెక్కి ఇప్పటికే గంటయింది."

"అది పది నిమిషాల పని. ఆ చేతకానివాడి సంబంధం వద్దని అప్పుడే మొత్తుకున్నాను."

"తీగ ఎప్పుడో కలిపేశారట బాబాయ్, ఆయన దిగితే కరెంటు ఇచ్చేయడమే. కానీ కలిపాక తల పైకెత్తారట. ఇక దిగనంటున్నారు."

"ఏమాటకామాటే చెప్పుకోవాలి. మా అమ్మాయి మంచివాణ్ణే ఏరుకుంది."