పంటిని తలక్రిందులు చేసి చూడమన్న శ్రీ షేక్ ఖాదర్ గారు

1970వ సంవత్సరం జూలై మాసం ఒకటవ తేదీన విశాఖపట్నంలోని మన మానవ పరిణామ ప్రదర్శనశాలలో నమూనాల తయారీదారుగా బాధ్యతలు స్వీకరించిన శ్రీ షేక్ ఖాదర్ గారు, పద్దెనిమిది సంవత్సరాల సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

కోటవీధిలో కొమ్ముపని చేసే కుటుంబంలో జన్మించిన వారు, కొమ్ముకూ ఎముకకూ దంతానికీ గల భేదాన్ని బాల్యంలోనే వేలికొనలతో గ్రహించారు. యౌవనంలో పన్నెండేళ్ళు ఒక దంతవైద్యుని వద్ద కట్టుడు పళ్ళు తయారుచేశారు. వారు వచ్చేనాటికి మన హాలులో ఉన్నవి రెండు బీరువాలు, ఒక అస్థిపంజరం. లక్షల ఏళ్ళ క్రితం అంతరించిన మన దూరపు జ్ఞాతుల కపాలాలకు, దవడలకు ప్లాస్టర్ ప్రతిరూపాలు పోసి, పదేళ్ళలో ఆ హాలును నింపినది ఖాదర్ గారే.

పోతపోయడంతో వారి పని ముగిసేది కాదు. కపాలాన్ని తిరగవేసి, వెన్నుపాము దిగే రంధ్రం నడిమికి ఉన్నందున ఈ జీవి నిలబడి నడిచిందని చూపేవారు. దవడలో ఇంకా మొలవని పంటిని చూపి, చనిపోయిన బిడ్డ వయస్సు చెప్పేవారు. ఒకసారి వారి ధర్మపత్ని శ్రీమతి సర్దార్ బీ గారు మ్యూజియం చూడవచ్చి, ఒక నియాండర్తాల్ వృద్ధుని దవడ ముందు ఆగిపోయారు. పళ్ళు ఊడిన గుంతలు ఎముకతో పూడిపోయి ఉన్నాయని, అంటే ఊడిన తరువాత కూడా అతడు చాలాకాలం జీవించాడని ఖాదర్ గారు వివరించారు. ఆమె కాసేపు చూసి, "మరి ఇన్నాళ్ళూ ఈ ముసిలాయనకి ఎవులు గంజి కాసి పోసినారో" అన్నారు. మహా పండితులు వాదించుకుంటున్న ప్రశ్న అదేనని ఖాదర్ గారు ఆనాడంతా మురిసిపోయారు.

ఇక 1983వ సంవత్సరం. నర్మదా తీరాన ప్రాచీన మానవ కపాలం దొరికిన వార్త ఇంకా వేడిగా ఉన్న రోజులవి. ఉక్కు కర్మాగారం వైపు కాలువ తవ్వకంలో ఎల్లారావు అనే మట్టిపని మేస్త్రీ, అరిగి నల్లబడిన ఒక దవడ పంటిని తెచ్చి ఇచ్చారు. అప్పటి మా అధికారి దానిని చూసినంతనే మానవ పూర్వీకుని దంతమని నిశ్చయించి, పత్రికలవారిని పిలిచి, "ఆదిమ మానవుని దంతం" అని ఫలకం రాయమని ఖాదర్ గారిని ఆదేశించారు.

ఖాదర్ గారు మూడు రోజులు కుంచెతో మట్టి తుడిచి, ఆ పన్ను అడవిపందిదని చెప్పారు. బాగా అరిగిన పంది దవడ పన్ను మనిషి పంటిని పోలి ఉంటుందని కూడా వివరించారు. అధికారి నవ్వి, మీరు పందిని ఎప్పుడైనా ముట్టుకున్నారా అని అందరి ఎదుటా అడిగారు.

"ముట్టుకోనేదు సార్" అన్నారు ఖాదర్ గారు. "ఈ పన్నుని మాత్రం మూడు రోజుల్నించి ముట్టుకుంటన్నాను. దీనికి నాలుగు వేర్లు. మనిసి దవడ పన్నుకి రెండో మూడో ఉంటాయి. బుడిపెల మద్దిన బుల్లి బుడిపెలు కూడా ఉన్నాయి. నాను రాయను."

ఆజ్ఞోల్లంఘన నేరంపై మెమో వచ్చింది. సంజాయిషీగా ఖాదర్ గారు ఒక్క వాక్యం సమర్పించారు: "దంతమును తలక్రిందులు చేసి చూడవలసినదిగా ప్రార్థన." మరునాడే వారిని వెనుక గిడ్డంగికి మార్చారు. ఆ పంటిని వేర్లు కనబడకుండా మెడ వరకు ప్లాస్టరులో దిగవేసి, వేరొకరి చేత ఫలకం రాయించి, హాలు మధ్యలో నిలిపారు. వారు అక్కడ ఉన్న అయిదు మాసాలూ గిడ్డంగి వైపు వెళ్ళడానికి మనలో చాలామందిమి జంకామన్నది దాచవలసిన సంగతి కాదు.

పొరపాటు మీదేనేమోనని సర్దార్ బీ గారు ఒక్కసారి సందేహపడ్డారట. ఖాదర్ గారు ఆ పంటికి తాము ముందే పోసి ఉంచుకున్న ప్రతిరూపాన్ని ఆమె చేతిలో పెట్టారు. ఆమె వేర్లు తడిమి, "నాలుగే ఉన్నాయి. మరేటి రాత్తావు" అన్నారట. ఆ ఇంట మరి ఆ చర్చ రాలేదు.

1984 ఫిబ్రవరిలో నిపుణుల సంఘం పరిశీలనకు వచ్చింది. అందులో దంతశాస్త్ర ఆచార్యులు డాక్టర్ సూర్యకాంతమ్మ గారు హాలులోని ప్రతిరూపాలను మెచ్చుకుని, వాటి కర్త ఎవరని అడిగారు. గిడ్డంగి నుండి పిలిపించగా, ఖాదర్ గారు చేతిలో ఒక అడవిపంది దవడతో వచ్చారు. ఎలమంచిలి వైపు రైతుల వద్ద వెతికి దానిని తెచ్చి ఇచ్చినవారు, పత్రికలో తన పేరు పడినందుకు పొంగిపోయిన ఆ ఎల్లారావు గారే. ప్లాస్టరు పగలగొడితే అమూల్య దంతం పాడవుతుందని అధికారి అభ్యంతరం చెప్పారు. పగలగొట్టమని సూర్యకాంతమ్మ గారు శాంతంగా అన్నారు.

కొమ్ముపని నాటి చిన్న ఉలితో ఖాదర్ గారు పావుగంటలో పంటిని విడదీసి, తిరగవేసి, దవడ పక్కన పెట్టారు. నాలుగు వేర్లు. ఆచార్యులవారు రెండింటినీ భూతద్దంతో పరిశీలించి, "ఇది పంది పన్నే. ఈయన్ని ఎందుకు గిడ్డంగిలో పెట్టారు?" అన్నారు.

ఖాదర్ గారు మళ్ళీ హాలుకు వచ్చారు. ఆ పంటిని పారవేయమంటే ఒప్పుకోలేదు. వేర్లు పైకి కనబడేటట్టు నిలిపి, "అడవిపంది దంతం. మానవునిదని పొరబడితిమి" అని తమ చేతితో ఫలకం రాశారు. అది తొలగించమని రెండు పర్యాయాలు ఉత్తర్వులు వచ్చినా తొలగించలేదు.

మెమో మాత్రం సర్వీసు రిజిస్టరులో అట్లే ఉన్నది. దరఖాస్తు పెట్టుకుంటే రద్దు చేస్తామని గత మాసం కార్యాలయం వారు సూచించారు. "అడిగి తీయించుకుంటే నాను తప్పు సేసినట్టే గదా" అన్నారు ఖాదర్ గారు. "ఉండనీండి. రేపెవులైనా సదివితే, పన్ను తిప్పి సూత్తారు." ఈ ఉదంతం అభినందన సంచికలో శోభించదని కొందరు మిత్రులు భావించగా, అది లేకుంటే వ్యాసమే వద్దని ఖాదర్ గారు స్పష్టం చేశారు. అందువలన ఇక్కడ అక్షరం తగ్గించలేదు.

శ్రీ ఖాదర్ గారు, శ్రీమతి సర్దార్ బీ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, చెక్కుచెదరని పలువరుసతో, ఎవరికీ తలవంచకుండా నూరేళ్ళు సుఖంగా జీవించాలని సహోద్యోగులందరి పక్షాన ఆకాంక్షిస్తున్నాము. తలవంచుతారని ఇకమీదట కూడా ఎవరూ ఆశించవద్దని ఈ సందర్భంగా సవినయంగా మనవి.