ఒక రాకెట్ రెక్క, కాస్త జిగురు

అధ్యక్ష స్థానంలో ఉన్న హెడ్మాస్టరు గారికి, ఆయన పక్కనున్న పెద్దలకు, ఇన్నేళ్లూ స్టాఫ్ రూములో నా గొంతు భరించిన తోటి టీచర్లకు, ఇంత ఉక్కపోతలోనూ లేచి పారిపోకుండా కూర్చున్న పిల్లలకు, మొదటి వరుసలో కూర్చుని అప్పుడే రెండుసార్లు గడియారం చూసుకున్న మావారికి నమస్కారం. (నవ్వులు)

ముందే చెప్పేస్తున్నాను, నేను ఏడవను. ఇందాక లెక్కల మాస్టారు మాట్లాడుతూ మాట్లాడుతూ నా వైపు చూసి ఆగారు, ఎక్కడ కళ్లనీళ్లు పెట్టుకుంటానోనని. ఒక్క చుక్క రాలదు మాస్టారూ. ముప్పై ఒక్క ఏళ్లు ఫిజిక్సు చెప్పాను, రేపటి నుంచి బెల్లు మోగితే ఉలిక్కిపడి చాక్‌పీసు వెతుక్కోనక్కర్లేదు, ఎవరి జవాబు పత్రమూ దిద్దనక్కర్లేదు. నాకైతే ప్రాణం హాయిగా ఉంది.

అందరూ నా రాకెట్ల గురించే పొగిడారు. కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్కలో చెబుతాను. ఖాళీ కూల్‌డ్రింక్ సీసా తీసుకుని, మూడో వంతు నీళ్లు పోసి, మూతికి బిరడా బిగించి, తలకిందులుగా స్టాండు మీద నిలబెట్టి, సైకిలు పంపుతో గాలి కొడితే, తాడు లాగగానే నీళ్లు కిందికి చిమ్ముతాయి, సీసా పైకి లేస్తుంది. పడిపోకుండా ఎగరాలంటే అడుగున అట్టముక్కల రెక్కలు అతికించాలి. టేపుతోనే అతికించాలి. గ్లూ గన్నుతో అతికించకూడదు, ఆ వేడి జిగురు తగిలిన చోట సీసా బలహీనపడుతుంది. ఈ మాట ఏటా బోర్డు మీద ఎర్ర చాక్‌పీసుతో రాసి, కింద రెండు గీతలు కొట్టేదాన్ని. టెన్త్ బి పిల్లలు నన్ను వెనకాల 'టేపు టీచర్' అంటారని నాకు తెలుసులెండి. నవ్వకండి, ఎవరు పెట్టారో కూడా తెలుసు. (నవ్వులు)

ఇక్కడి నుంచి కాస్త మెల్లిగా మాట్లాడతాను.

ఏడేళ్ల కిందట అన్ని స్కూళ్ల పోటీ మన గ్రౌండులోనే జరిగింది. హెడ్మాస్టరు గారు అప్పటికి కొత్తగా వచ్చారు. మా పిల్లలు మూడు వారాలు కష్టపడి రాకెట్ చేశారు, ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. ఇంకో పది నిమిషాల్లో మా వంతు అనగా దాని రెక్క ఒకటి ఊడి చేతికొచ్చింది. సీసా తడిసి ఉంది, టేపు ఒక పట్టాన అంటుకోదు. పిల్లల మొహాలు చూడలేకపోయాను. "మీరు గ్రౌండులోకి పదండ్రా, నేను తెస్తాను" అని వాళ్లను పంపేసి, ల్యాబు తలుపు వేసి, గ్లూ గన్ను ప్లగ్గులో పెట్టాను.

అవునండీ. నేనే. టేపు టీచర్నే.

పంపు కొట్టింది మన ల్యాబు అటెండరు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న, అయినా పిల్లలతో పాటు నేనూ బాబాయ్ అనే పిలుస్తాను. ఆ పంపు అంటే ఆయనకు ప్రాణం, పోటీకి వారం ముందు నుంచే దానికి నూనె రాసి తుడిచేవాడు. పంపుకున్న గాలి మీటరు నలభై చూపించగానే ఆపాలని నియమం. సీసా స్టాండు మీదే పేలింది. ముఖ్య అతిథి నిలువునా తడిసిపోయారు, ప్లాస్టిక్ ముక్క ఒకటి హెడ్మాస్టరు గారి చెవి పక్క నుంచి పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, అది మా అదృష్టం. "ఎంత కొట్టావయ్యా?" అని సారు కేకలేశారు. "నలభయ్యే సార్, ఒట్టు" అన్నాడు బాబాయ్. "మరి నలభైకెందుకు పేలుతుంది?" అని సారు నా వైపు తిరిగారు, ఫిజిక్సు టీచర్ని నేనే కదా.

అప్పటికే ముక్కలు ఏరాను. చీలిక సరిగ్గా జిగురు గీత వెంటే మొదలైంది, కళ్లారా చూశాను. చూసి ఏమన్నానో తెలుసా? "మీటర్లు ఒక్కోసారి తప్పు చూపిస్తాయి సార్" అన్నాను. అబద్ధం కాదు చూడండి, మీటర్లు నిజంగానే ఒక్కోసారి తప్పు చూపిస్తాయి. ఆ నెలలోనే నన్ను సీనియర్ టీచర్ని చేయబోతున్నారు, ఊరందరి ముందు నా బోర్డు, నా రెండు గీతలు... సిగ్గేసింది, జిగురు మాట దాచేశాను. ఎక్కువే కొట్టేశాడని సారు తేల్చేసి, బాబాయ్ చేత ఇక పంపు ముట్టనని కాగితం మీద సంతకం పెట్టించారు. ఆ తర్వాత నుంచి డ్రిల్లు మాస్టారే కొడుతున్నారు. పిల్లలు మన బాబాయ్‌కి 'బాంబు బాబాయ్' అని పేరు పెట్టారు, ఆయనా వాళ్లతో కలిసి నవ్వేవాడు. ఆ నవ్వు విన్నప్పుడల్లా నేను ల్యాబులో ఏదో వెతుకుతున్నట్టు బీరువాలో తల దూర్చేదాన్ని.

హెడ్మాస్టరు గారూ, ఆ సంతకం నాది కావాల్సింది. రేపటి రాకెట్ల పోటీలో పంపు బాబాయ్ చేతికివ్వండి. రిటైరయ్యే మనిషి అడిగే కోరిక ఇది ఒక్కటే, శాలువా కావాలంటే వెనక్కి తీసుకోండి. ...సారు తల ఊపుతున్నారు. అందరూ చూశారుగా, రేపు మాట మార్చడానికి లేదు సార్. (చప్పట్లు)

బాబాయ్, మీకు చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. తప్పు నాది. క్షమించమని అడిగే మొహం కూడా లేదు... ఏమిటి? గట్టిగా అనండి బాబాయ్, వెనక నుంచి వినపడట్లేదు.

("నాకెందుకు చెప్తారు మేడమ్? నేనెంత కొట్టానో నాకు తెలీదా? ఇదిగో, మా అమ్మాయికి చెప్పండి. ఇన్నేళ్లూ నాకోసం అందరితో పోట్లాడింది గానీ, ఇంటికొచ్చి అడుగుతూనే ఉంది, 'నిజం చెప్పు నాన్నా' అని.")



అమ్మా, నువ్వప్పుడు తొమ్మిదో తరగతి కదూ? ఇలా చూడు తల్లీ, నా వైపు చూడు. నేను స్టాండు పక్కనే ఉన్నాను. మీటరు నా కళ్ల ముందే ఉంది. ముల్లు నలభై మీదికి రాగానే మీ నాన్న చెయ్యి తీసేశాడు. ఒక్క దెబ్బ ఎక్కువ కొట్టలేదు. మీ నాన్న నీకు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదమ్మా.

ఏడవనన్నాను, మాట తప్పాను. మాస్టారూ, మీరే గెలిచారు. అబ్బ, ఎంత తేలికగా ఉందో! ఇంత ఓపికగా విన్నందుకు మీకందరికీ కృతజ్ఞతలు. మావారు మూడోసారి గడియారం చూసుకునేలోగా నేను ఆ వెనక వరుసలోకి వెళ్లి వాళ్లిద్దరి పక్కన కూర్చుంటాను, వాళ్లు జరిగి చోటిస్తేనే సుమా. సెలవు.