పన్నే కదా అన్నారు

ఏమిటే, అలా బుగ్గ పట్టుకుని కూర్చున్నావ్? పన్నా? అదే తగ్గిపోతుందా? ఇదిగో, ఆ మాట నా ముందు అనకు, నాకు ఒళ్లు మండుతుంది. మా అక్క సంగతి నీకెవరూ చెప్పలేదూ? టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేసేది. అప్పట్లో ఫోనెత్తితే అటు నుంచి మనిషే పలికి నంబరు కలపాలి మరి. మా అక్క "నంబరు చెప్పండీ" అందంటే కొంతమంది కావాలనే తప్పు నంబరు చెప్పి మళ్లీ అడిగించుకునేవాళ్లు. మా బావ అలాగే పడిపోయాడులే, అది వేరే కథ. ఏం చెబుతున్నాను? ఆఁ, పన్ను. వెనక దవడపన్ను పుచ్చింది. చిగురు వాచి చీము పట్టింది. బుగ్గన లవంగం పెట్టుకుని డ్యూటీ చేసేది, పిచ్చిది. పీకించుకొస్తాను, ఒక్క పూట సెలవివ్వండి అంటే ఆ సూపర్‌వైజరు కళ్లజోడు పైనుంచి చూసి, "పంటికి కూడా సెలవేంటమ్మా? రేపు గోరు విరిగిందంటారు" అన్నాడట. ఇంటికొస్తే మా బావ, "పన్నే కదే, ఉప్పునీళ్లు పుక్కిలించు" అని పేపరు తిప్పేవాడు. వాళ్ల నోట్లో సలిపితే తెలిసేది!

తర్వాత మొదలైంది జ్వరం. సాయంత్రం వస్తుంది, పొద్దున్నకి ఉండదు. మనిషి చిక్కి చీపురుపుల్లయింది. చిన్నప్పుడు కీళ్లజ్వరమొచ్చి దాని గుండె కవాటం ఒకటి కాస్త దెబ్బతిందని మా అమ్మ మొత్తుకుంటూనే ఉంది, వింటేగా! వీధి చివరి డాక్టరు పొట్ట నొక్కాడు, టైఫాయిడ్ అన్నాడు, కాదు మలేరియా అన్నాడు, నాలుక చాపమన్నాడు కూడాను. నాలుక చూసినవాడు పక్కనున్న పన్ను చూడకూడదుటే? ఎవరైనా అడ్డొచ్చారా? చివరికి పెద్దాసుపత్రిలో ఒక లేడీ డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, "ఈమధ్య పళ్లేమైనా నొప్పి చేశాయామ్మా?" అంది. మేమంతా మొహమొహాలు చూసుకున్నాం, జ్వరానికి తీసుకొస్తే పళ్ల సంగతడుగుతుందేమిటని. ఆ చీములో క్రిమి రక్తంలో కలిసి, తిన్నగా పోయి ఆ పాత దెబ్బ మీదే కూర్చుందట. పన్ను పీకారు, వారాల తరబడి సూదులు పొడిచారు. జ్వరమైతే తగ్గింది గానీ కవాటం అప్పటికే చిల్లులు పడిపోయింది. ఎక్స్ఛేంజి మేడ మీద. మెట్లెక్కలేక ఉద్యోగం మానేసింది. వాకిట్లో ఎవరైనా పలకరిస్తే రెండు మాటలకే ఆయాసం. ఆ గొంతుకే! మరుసటేడు వానాకాలంలో పోయింది.

ఆ రోజు సూపర్‌వైజరు దండ పట్టుకొచ్చాడు. "పాపం, గుండెజబ్బట కదా, ఎవరేం చేయగలరు" అన్నాడు. "గుండెజబ్బు కాదయ్యా, పన్ను! మీరు సెలవివ్వని పన్ను!" అని అందరి ముందూ అరిచాను. మా బావ నా చెయ్యి పట్టుకుని, "ఊరుకో, ఇప్పుడెందుకూ" అన్నాడు. "మీరు మాట్లాడకండి బావా" అన్నాను. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ నాతో మాట్లాడలేదు. మానేయనీ! నాకేం? ఆ పన్ను ఇంకెవరిదో అయినట్టు, దాని నోరు దాని ఒంట్లోది కానట్టు...

ఆ కిటికీ రెక్క వేయవే, జల్లు లోపలికి కొడుతోంది.