పుంజు కన్ను

ఓ పిల్లల్లారా, మీ బస్సు వచ్చేలోపల ఇట్ల రాండి. మీరు దాదా అనే మీ తాత పీరా సాబ్ ఏం పని చేస్తాండె అని ఎవరన్నా అడిగితే బిక్కమొగం పెడతారంట. మీ నాయన చెప్పలేదా? ఆదోని దూది ఫ్యాక్టరీలో దూదిని నొక్కి కట్టిన బేళ్ళకు గోనెపట్ట చుట్టి, దాని మీద సేటు మార్కా వెయ్యాల. మా సేటు మార్కా కోడిపుంజు. మీ దాదా కుంచెతో ఒక్కో బేలుకు ఒక్కో పుంజు గీస్తాండె. ఆ బేళ్ళు లారీకెక్కించే హమాలీని నేను. ఈ కత డెబ్బై నాలుగులో... ఉండు, డెబ్బై ఐదు, మా పెద్దోడు పుట్టిన ఏడు. పిల్లలకు తప్పు చెప్పగూడదు.

ఆయప్పకొక రోగం. పుంజులకు ఊర్లో మనుషుల మొగాలు పెడతాండె. ఒకటి టీకొట్టు ఖలందర్ మాదిరి మెడ సాగదీస్తే, ఇంకోటి మా మేనేజరు ఉచ్చీరప్ప మాదిరి కరిచేటట్టు చూస్తాండె. మేము పని ఇడిసిపెట్టి, "ఇదెవురు, అదెవురు" అని నగుకుంటా నిలబడతాంటిమి. మీ దాదీ నసీబ్‌బీ మాత్రం, "దినాం నూరు కోళ్ళు గీస్తావు, ఇంటికొక కాలన్నా తెచ్చినావా?" అని తిడతాండె.

ఒక దినం ఉచ్చీరప్ప బేలు మీద పుంజులో తన మొగం తానే చూసుకునె. "ఏమయ్యా సాబూ, మార్కా అంటే అన్నీ ఒకే తీరుగా ఉండాల! ఇవి ఎంతమంది సేట్ల బేళ్ళని బొంబాయి మిల్లోళ్ళు జాబు రాసినారు" అని, తగరపు రేకులో కోసిన అచ్చు చేతికిచ్చె. అచ్చుతో కొట్టు, లేదంటే పనికి రావద్దనె. "అయినా ఆ గోనెపట్టను ఆడ కోసి పారేస్తారు. నీ పుంజును ఎవుడు చూస్తాడయ్యా?"

ఆ మాట మీ దాదాకు తగిలింది. రెండు దినాలు అచ్చుతోనే కొట్టినాడు. అన్నం ముట్టలేదంటారు గానీ అబద్ధం, నా పక్కనే కూర్చోని తిన్నాడు. మూడో దినం అచ్చులో కన్నుండే తావు మూసేసి, ఆ కన్నొక్కటే చేత్తో గీసినాడు. దూరానికి అన్నీ ఒకటే. దగ్గరికి పోతే ఒకటి ఏడుస్తాది, ఒకటి కన్ను కొడతాది. ఉచ్చీరప్ప దగ్గరికి రాడు, దూదికి తుమ్ములు ఆయనకు. "ఎవుడు చూస్తాడు మాదన్నా?" అని మీ దాదా నన్ను మాత్రం పదేండ్లు అడిగినాడు. నేను చూస్తాండా గదా అంటే, "నువ్వు బేళ్ళు దొర్లించేవాడివిలే" అనె.

ఎనభై ఐదులో మా అత్తగారి ఊరు కోసిగి పోతి. ఆడ బసమ్మ అని ఒకామె, బొంబాయిలో కూలి చేసి అప్పుడే వచ్చింది. మిల్లు బయట పడేసిన గోనెపట్టను గుడిసెకు తలుపు మాదిరి కట్టుకున్నారంట, ఇడిసిపెట్టలేక ఇంటికి తెచ్చి గోడకు మేకులేసి కొట్టింది. చూస్తే మన పుంజు! మర్నాడే మీ దాదాను పిల్చుకోని పోతి. "ఆ కన్ను సచ్చిపోయిన మా మామ కాశప్పదే అన్నా! మా ఆయన తాగొచ్చి నా మీద చెయ్యెత్తితే, వాళ్ళ నాయన కన్ను చూసి దించుతాండె" అనె బసమ్మ.

మీ దాదా ఏడుస్తాడేమో అనుకుంటి. యాడ! గోడకు ముక్కు ఆనించి చూసి, "రెప్ప కిందికి జారింది. ఆపొద్దు చెయ్యి వణికింటాది. ఇటియ్యమ్మా, రేపు దిద్ది తెస్తా" అనె. బసమ్మ అడ్డం నిలబడి, "చెయ్యి పెడితే విరగ్గొడతా సాబూ! ఇది మాది. మా మామ రెప్ప అట్లే ఉంటాండె" అనె.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో ఆదోని దాకా మీ దాదాది ఒకటే నగు. పక్కనోళ్ళు జరిగి కూర్చుండిరి. ఎవుడు చూస్తాడని మళ్ళా ఎప్పుడూ నన్ను అడగలేదు.

మీకు పిల్లలు పుడితే ఇది చెప్పండప్పా. నేను చెప్పినట్టే చెప్పే పని లేదు, నన్ను తీసేసినా పర్వాలేదు. బసమ్మను మాత్రం తగ్గించొద్దండి... ఆ బస్సు మీదేనా? పోండి, పోండి.