మూడు మొక్కల పేర్లు, ఒకే ఉప్పు

ముప్పై నాలుగేళ్ల క్రితం, జూన్ మూడవ తేదీ ఉదయం మా రసాయన పరిశోధనశాలలో స్టోర్‌కీపర్‌గా చేరినవారు, నేడు పదవీ విరమణ చేస్తున్న మా స్టోరక్క. ఆ రోజున వారికి అప్పగించినవి ఒక తాళాల గుత్తి, మూడువందల పన్నెండు పాత సీసాలు. వాటి మీది పేర్లు ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో కనిపించనివి: పులిచింత ఉప్పు, మాచిపత్రి ఉప్పు, చిక్కుడుకాడ ఉప్పు, ద్రాక్షమడ్డి ఉప్పు. శాస్త్రవేత్తలు వాటిని చూసి నవ్వుకునేవారే తప్ప ముట్టుకునేవారు కాదు.

అక్క ముట్టుకున్నారు. పూర్వం పదార్థాన్ని ఏ మొక్క నుంచి తీస్తే ఆ మొక్క పేరే పెట్టేవారని గ్రంథాలయంలోని చెదలు తిన్న పుస్తకాల ద్వారా గ్రహించి, పన్నెండేళ్లపాటు భోజన విరామాలను ధారపోసి, ప్రతి పేరుకూ మూలం వెతికి, నేటి పేరుతో జతపరచిన పట్టికను సిద్ధం చేశారు. "పెళ్లిరోజు మర్చిపోతుంది గానీ, ఏ ఉప్పు ఏ మొక్కదో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది" అని వారి శ్రీవారు మా అందరి ముందూ వాపోయేవారు.

అక్క చేరిన పదమూడవ ఏట తనిఖీ అధికారి వచ్చి, గుర్తు తెలియని సరుకంతా పారబోయాలనీ, ఆపైన స్టోర్‌కీపర్ పోస్టును రద్దు చేయాలనీ తేల్చేశారు. అక్క మూడు సీసాలు తెచ్చి ఆయన ముందు పెట్టారు.

"గుర్తు తెలుసండీ. ఈ మూడూ ఒకటే."

"మాచిపత్రి, చిక్కుడు, ద్రాక్ష. ఒకటెలా అవుతాయమ్మా?"

"కాల్చి, బూడిద కడిగి తీస్తే వీటన్నిట్లోంచీ వచ్చేది ఒకే ఉప్పండీ. అది తెలియక అప్పటివాళ్లు మొక్కకో పేరు పెట్టుకున్నారు. పరీక్ష చేయించండి. తప్పయితే తాళాలిచ్చేసి ఇంటికెళ్లిపోతాను."

మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. మూడూ పొటాషియం కార్బొనేటే. రెండేళ్లుగా అదే ఉప్పును బయటి నుంచి తెప్పించుకుంటున్న మా పెద్ద శాస్త్రవేత్త ఆ మూడు సీసాలనూ తన బల్ల మీదికి చేర్చుకున్నారు. అధికారి పట్టువదలక మరో ఇరవై సీసాలు తీయించారు. పంతొమ్మిది పట్టికతో అచ్చంగా సరిపోయాయి. ఇరవయ్యవది ఖాళీ సీసా, ఆ సంగతీ పట్టికలో ఉంది. ఆయన లేచి నిలబడి అక్కకు నమస్కరించి, తన ఉత్తర్వును తానే కొట్టివేశారు. వరండాలో అక్క సంతోషం పట్టలేక ఏడ్చేశారు. మేమూ ఏడ్చాం.

నేడు ఇతర పరిశోధనశాలలు సైతం ఆ పట్టికనే ప్రమాణంగా అనుసరిస్తున్నాయి. అక్క మోకాళ్ల నొప్పులెరుగని ఆరోగ్యంతో, తరగని ఓపికతో, అయినవారి మధ్య నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం. రేపు ఉదయం వారి కుర్చీలో కొత్త స్టోర్‌కీపర్ కూర్చుంటారు. ఆ కుర్చీ ఇంకా ఉన్నదంటే అది మా అక్క చలవే.