పక్కింటికి మళ్లిన ఫోన్లు

వారంలో రెండోసారి గుట్టెక్కి, అమ్మవారికి మొక్కు చెల్లించి కొత్తగూడలో దిగాక, ఊరివాళ్లు ఎదురై చెబితే ఆయనకు సంగతి తెలిసింది. మహబూబాబాద్ దవాఖానకు ఉరికి వచ్చేసరికి కూతురు కాన్పయి నిద్రపోతోంది. వరండాలో పక్కింటామె మోచేతికి దూది ఒత్తుకుని కూర్చుంది.

“తల్లీ బిడ్డా మంచిగున్నరన్నా. జర కూసో.”

“దవాఖానోళ్ల ఫోన్ నీకెట్ల వచ్చింది చెల్లే?”

“పోయిన వారం గుట్టకు పోయినప్పుడు ఆడ సిగ్నల్ ఉండదని, నీ ఫోన్లు నాకొచ్చేటట్టు పెట్టించుకుంటివి గదా. దిగి వచ్చినంక తీసేసుడు మరిచినవు.”

“గందుకేనా! ఒక్కలు ఫోన్ చేస్తలేరని అందరి మీద అలిగిన.”

“తీసేసుకోమని చెప్తే వింటివా? నీ వియ్యపురాలి తిట్లన్నీ నేనే పడ్డ.”

“రక్తం కావాలన్నరట?”

“అవును. నీ బిడ్డది, నాది ఒకటే గ్రూపు. ఇచ్చిన.”

ఆయన రెండు చేతులూ జోడించాడు.

“బిడ్డను కాపాడుమని మా అమ్మవారికి మొక్కిన. నా మొర గూడ ఫోన్ లెక్క మళ్లిందా, ఎత్తుకున్నది మీ యేసు ప్రభువా, చెల్లే?”

“ఎవరెత్తుకుంటేంది, అందింది గదా! ఫోన్ ఇటు తే, ఇప్పుడన్న తీసేస్త.”

ఆయన ఫోన్‌ను గబుక్కున జేబులో పెట్టుకున్నాడు.

“ఉండనీ. నా ఇంటి ఫోన్లు నీ ఇంటికే రానీ. తిట్లయితే పిలువు, నేనొచ్చి పడ్త.”