నాకు సీమ యాస రాదంట

నాకు సీమ యాస రాదంట ఓబిలేషూ. నవ్వుతాండావా? నవ్వప్పా, నవ్వు. కదిరిలో పుట్టి, నీ మాదిరే ఈ అనంతపురం స్టాండులో ఇన్నేండ్లు ఆటో తోలినోనికి సీమ యాస రాదంట.

టీ తాగు, చల్లారిపోతాది. మొదట్నుంచి చెప్తా.

ఆ సినిమావోళ్లు మన గుట్టల్లో షూటింగుకి వచ్చినారు గదా. వాళ్ల అసిస్టెంటు ఒగడు నా ఆటో ఎక్కినాడు. నా మాట విని మురిసిపోయి, వేషం ఇప్పిస్తానని పిల్చుకుపోయినాడు. పెద్ద వేషమేం కాదులే. నాయకుని ముందర నడిచేవాడు. మాట గూడా ఒగటే. "మా అన్న వస్తాండాడు, దోవ ఇడ్సండి."

మామూలుగా అన్న్యా. డైరెక్టరు తల అడ్డంగా ఊపినాడు. "సీమ ఫీల్ రావట్లేదండీ" అన్నాడు.

యాడ నుంచి తెద్దును?

యాస నేర్పేదానికి శశికుమార్ అని ఒగాయన్ని పిల్చినారు. గోదావరి పక్కాయన. కండ్లు పెద్దవి చెయ్యల్లంట, తొడ కొట్టల్లంట, మాటమాటకూ 'రా రేయ్' అనల్లంట. మీ ఊర్లో ఇట్లనే గదా మాట్లాడేది అని నన్నే అడిగినాడు. మా ఊర్లో ఇట్ల మాట్లాడితే దయ్యం పట్టిందని తాయెత్తు కడతారప్పా అన్న్యా. అందరూ నవ్వినారు.

డైరెక్టరు మాత్రం నవ్వలేదు. "ఇదే మాట సీమ యాసలో చెప్పండి" అన్నాడు.

ఎట్లనో చేసినా. సినిమా వచ్చింది. మాయమ్మను తీసుకుపోయినా. ఆమెకు చూపు మసక, నీకు తెలిసిందే. తెర మింద మనుషులు ఆనరు. నా గొంతు వినపడితే నేనే అనుకో, గమ్మున కూచో అని ముందే చెప్పినా.

తెర మింద నేను వచ్చినా. నోరు తెరిసినా. వచ్చిన గొంతు ఆ శశికుమార్‌ది. నాకొగ మాట గూడా చెప్పకుండా మార్చేసినారు.

కొంచేపటికి మాయమ్మ నా చెయ్యి పట్టుకుని, "నువ్వెప్పుడు వస్తావు నాయనా?" అనె. వచ్చి పోయినా అమ్మా అంటే నమ్మల్యా. వాడెవడో అరిసినాడు, నువ్వు గాదు అనె. సినిమా అయిపోయి జనమంతా లేచి పోతాంటే, ఆమె లేయదే. నువ్వింగా రాలేదు గదా అనె.

స్టాండులో అంతా భుజం తట్టినారు. నువ్వూ తట్టినావులే. అచ్చం సీమోని మాదిరే మాట్లాడినావురా అంటివి. ఇప్పుడు తల దించుకుంటే ఏం లాభం?

నిన్న ఆ అసిస్టెంటు మళ్లా ఫోన్ చేసినాడు. ఇంగో సినిమా అంట. ఈసారి గొంతు నాదే పెడతారంట. కాకపోతే శశికుమార్ మాట్లాడినట్లే మాట్లాడల్లంట.

నేను ఛీ అని పెట్టేసుంటానని గదా నువ్వనుకునేది? లేదప్పా. సరే అన్న్యా. పొద్దున్నుంచి ఖాళీ ఆటోలో కూచుని అదే నేర్చుకుంటాండా.

ఇట్ల తిరుగు. నువ్వు సీమోడివే గదా. ఒగసారి విని చెప్పు, యాస సరిగ్గా వస్తాండాదా?